లారీ బరువు: తూచాల్సింది రోడ్డు మీద కాదు, లోడు ఎత్తే చోట

జీఎస్ పేపర్-3లో మౌలిక సదుపాయాలు అనగానే మనం జాతీయ రహదారుల పొడవు, గతిశక్తి, లాజిస్టిక్స్ ఖర్చు శాతం లాంటివి గుర్తుపెట్టుకుంటాం. ఆ రోడ్ల మీద తిరిగే లారీ ఎంత బరువు ఉంటుంది, ఎంత ఉండాలి, ఎక్కువైతే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నల దగ్గర మాత్రం ఎక్కువమంది ఆగరు. నిజానికి ఈ ఒక్క అంశంలో ఇంజినీరింగ్, ఫెడరలిజం, చట్టాల అమలు, చిన్న వ్యాపారుల బతుకు, రోడ్డు భద్రత అన్నీ కలిసి వస్తాయి. ఎస్సే పేపర్‌కు కూడా పనికొచ్చే అంశం ఇది.

ఈ వ్యాసంలో నా వాదన ఒక్కటే. ఓవర్‌లోడ్‌ను మనం డ్రైవర్ నేరంగా చూస్తున్నాం. బరువు ఎంత ఉండాలో నిర్ణయించేది మాత్రం సరుకు పంపేవాడు, లోడు ఎత్తేవాడు. బాధ్యత అక్కడికి మారనంతకాలం జరిమానాలు ఎంత పెంచినా రోడ్లు మిగలవు.

లారీ బరువు అంటే ఏ బరువు?

ముందు మూడు బరువులను విడదీసి చూడాలి. మొదటిది ఖాళీ బండి బరువు. ఛాసిస్, ఇంజిన్, క్యాబిన్, బాడీ, టైర్లు అన్నీ కలిపి ఆరు టైర్ల లారీ ఖాళీగానే ఆరేడు టన్నులు తూగుతుంది. అదే ఛాసిస్ మీద మందపాటి ఇనుప తొట్టి, దాన్ని ఎత్తే హైడ్రాలిక్స్ పెట్టి టిప్పర్ చేస్తే బరువు ఇంకా పెరుగుతుంది. 400 లీటర్ల డీజిల్ నింపితే అదే దాదాపు 330 కిలోలు. రెండోది సరుకు బరువు. ఈ రెండూ కలిపితే మూడోది, బండి మొత్తం బరువు. ఒక్కో బండికి దీని గరిష్ఠ పరిమితి ఎంతో ఆర్‌సీలో రాసి ఉంటుంది. బాడీ బరువు పెరిగిన ప్రతిసారీ చట్టబద్ధంగా ఎక్కించగల సరుకు అంత తగ్గుతుంది.

సరుకును బట్టి కూడా లెక్క మారుతుంది. ఆదిలాబాద్ నుంచి విడి పత్తితో వచ్చే లారీ చూడటానికి కొండలా ఉంటుంది. దాంట్లో చోటు ముందు నిండుతుంది, బరువు మాత్రం పరిమితికి లోపలే ఉంటుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ సంగతి దీనికి పూర్తిగా వేరు. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. పది టైర్ల లారీకి ఆరేడు ఘనపు మీటర్ల రాయితోనే పరిమితి నిండిపోతుంది, బండి మీద మాత్రం సగానికి పైగా ఖాళీ కనిపిస్తుంది. ఇసుక, కంకర, ఇనుప ఖనిజం, సిమెంటు కూడా చోటు నిండకముందే బరువు నిండే సరుకులే. వాన పడితే తడిసిన ఇసుక బరువు ఇంకా పెరుగుతుంది. కొలత మారకపోయినా కాటా మీద అంకె మారుతుంది.

అందుకే లారీని చూసి బరువు చెప్పడం కుదరదు, తూచాల్సిందే. ఓవర్‌లోడ్ సమస్య ఎక్కువగా ఖనిజాలు, నిర్మాణ సామగ్రి రవాణాలోనే ఎందుకు కనిపిస్తుందో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. కర్ణాటక లోకాయుక్తగా జస్టిస్ సంతోష్ హెగ్డే అక్రమ ఇనుప ఖనిజ తవ్వకాలపై ఇచ్చిన నివేదికల్లో లారీల ఓవర్‌లోడ్ కూడా ఒక అంశం కావడం యాదృచ్ఛికం కాదు.

చట్టం ఎంత అనుమతిస్తుంది?

మన దేశంలో బరువు పరిమితి ఇరుసుల లెక్కన ఉంటుంది. 1983 తర్వాత మొదటి పెద్ద మార్పు 2018 జులైలో వచ్చింది. నాలుగు టైర్లు ఉండే ఒంటి ఇరుసుపై పరిమితి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెరిగింది. ఎనిమిది టైర్లతో పక్కపక్కన ఉండే జంట ఇరుసులపై 19 నుంచి 21 టన్నులకు పెరిగింది. దాంతో ఆరు టైర్ల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు, పది టైర్ల లారీది 25 నుంచి సుమారు 28 టన్నులకు, ట్రాక్టర్-ట్రైలర్ల గరిష్ఠ బరువు 49 నుంచి 55 టన్నులకు చేరాయి.

యూరోపియన్ యూనియన్‌లో సాధారణ గరిష్ఠ బరువు 40 టన్నులు. అమెరికా అంతర్రాష్ట్ర రహదారుల మీద 80,000 పౌండ్లు, అంటే దాదాపు 36 టన్నులు. ఈ అంకెలు చూసి మనవాళ్లే ఎక్కువ అనుమతిస్తున్నారని రాసేస్తే సగం మార్కులే వస్తాయి. అసలు పోల్చాల్సింది ఇరుసు బరువును. మన 11.5 టన్నులు, యూరప్‌లో ఇంజిన్ శక్తి అందే ఇరుసుకు ఉన్న పరిమితి సమానం. అమెరికాలో ఒంటి ఇరుసుకు దాదాపు 9 టన్నులే. మొత్తం బరువు ఎక్కువైనా ఎక్కువ ఇరుసుల మీద పంచితే రోడ్డు తట్టుకుంటుంది. ఎందుకో చూద్దాం.

రోడ్డుకు తెలిసేది ఇరుసు బరువే

1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలను పదేపదే తిప్పి ఒక భారీ పరీక్ష చేశారు. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుతో సమానంగా పెరగదనీ, దాదాపు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందనీ అందులో తేలింది. రోడ్డు రకాన్ని బట్టి ఆ ఘాతం కొంత అటూఇటూ అవుతుంది. అయినా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తారు రోడ్ల డిజైన్‌కు ఇప్పటికీ ఈ లెక్కే ఆధారం. 8.16 టన్నుల ఒంటి ఇరుసును ప్రామాణికంగా తీసుకుని, ఒక రోడ్డు తన జీవితకాలంలో ఇలాంటి ఎన్ని మిలియన్ ఇరుసులను మోయగలదో లెక్కగట్టి దాని మందం నిర్ణయిస్తారు.

ఈ సూత్రంతో చిన్న లెక్క వేద్దాం. 11.5 టన్నుల ఇరుసు ఒకసారి వెళ్తే నాలుగు ప్రామాణిక ఇరుసులు వెళ్లినంత నష్టం. దాన్నే 15 టన్నులకు పెంచితే పదకొండుకు పైగా ప్రామాణిక ఇరుసులు వెళ్లినంత నష్టం. బరువు పెరిగింది 30 శాతమే అయినా నష్టం దాదాపు మూడింతలు అయింది. మరోలా చెప్పాలంటే, ఆ అదనపు మూడున్నర టన్నులను ఉచితంగా మోసిపెట్టడానికి రోడ్డు ఇంకో రెండు నిండు లారీల దెబ్బ తింటోంది.

ఇప్పుడు దీన్ని ఒక పల్లె రోడ్డుకు అన్వయించండి. అది పది లక్షల ప్రామాణిక ఇరుసులకు డిజైన్ చేసిన రోడ్డు అనుకుందాం. ఊరి పక్కన కంకర క్రషర్ వచ్చింది. ఆరు టైర్ల టిప్పర్లు వెనక ఇరుసు మీద 15 టన్నుల భారంతో రోజుకు వంద ట్రిప్పులు తిరిగితే, వెనక ఇరుసుల లెక్క చూసినా రెండున్నరేళ్ల లోపే రోడ్డు ఆయువు తీరిపోతుంది. అదే సరుకును పరిమితి లోపల తోలితే రోజుకు 130 ట్రిప్పులు కావాలి. ట్రిప్పులు పెరిగినా రోడ్డు అయిదేళ్లకు పైగా నిలుస్తుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు కాంట్రాక్టర్ చేయాల్సిన నిర్వహణ గడువు అయిదేళ్లు. ఆ అయిదేళ్లు నిండకముందే రోడ్డు గుంతలు పడితే మనం సాధారణంగా కాంట్రాక్టర్‌నే అనుమానిస్తాం. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. ఆ దారిన రోజూ పోయిన బరువు ఎంతో కూడా అడగాలి.

భద్రత కోణం విడిగా చెప్పక్కర్లేదు. ఒకే వేగంతో వెళ్తున్న బండిని ఆపడానికి బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి బరువుకు తగ్గట్టే పెరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ శక్తి అంతా వేడిగా మారి బ్రేకులు పట్టు తప్పుతాయి. 2025 నవంబరు 3న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నప్పుడు కంకర ప్రయాణికుల మీద పడింది. కనీసం 19 మంది చనిపోయారు. ప్రమాదం ఏ కారణంతో జరిగినా, దాని ఫలితం ఎంత ఘోరంగా ఉంటుందన్నది చాలావరకు బరువు చేతిలో ఉంటుంది.

ఓవర్‌లోడ్ ఎందుకు జరుగుతుంది?

లారీ కిరాయి చాలా సరుకులకు టన్నుల లెక్కన ఉంటుంది. ఈఎంఐ, ఇన్సూరెన్స్, పర్మిట్, టోల్, డ్రైవర్ బత్తా మాత్రం ట్రిప్పుకో నెలకో ఇంత అని ఉంటాయి. బండిలో ఎన్ని టన్నులున్నా ఇవి పెద్దగా మారవు. అందువల్ల పరిమితి దాటి ఎక్కించిన టన్ను మీద వచ్చే కిరాయిలో డీజిల్, టైర్ల ఖర్చు పోగా మిగిలింది లాభమే. మన దేశంలో లారీ యజమానుల్లో ఎక్కువమంది ఒకటి నుంచి అయిదు బండ్లు ఉన్నవాళ్లే. బ్రోకర్ దగ్గర బేరమాడే శక్తి వాళ్లకు తక్కువ. “పక్క బండివాడు ఇరవై అయిదు టన్నులు ఎత్తుకుంటున్నాడు, నువ్వు పద్దెనిమిది అంటే ఎట్లా?” అని అడిగితే జవాబు ఉండదు. ఒకడు నిబంధన పాటిస్తే లోడు దొరకదు. అందరూ మీరితే కిరాయి రేటే ఓవర్‌లోడ్‌కు తగ్గట్టు కిందికి దిగుతుంది. చివరికి అదనపు బరువు వల్ల వచ్చిన లాభం లారీ యజమానికి మిగలదు. తక్కువ రవాణా ఖర్చు రూపంలో సరుకు పంపేవాడికి చేరుతుంది.

2018లో పరిమితి పెంచినప్పుడు, ఇకమీదట ఓవర్‌లోడ్ అవసరం తగ్గుతుందన్న వాదన వినిపించింది. నా దృష్టిలో అది సగం నిజం. పోటీ మారనప్పుడు పరిమితి ఎంత పెంచినా, పోటీ ఆ కొత్త పరిమితి పైనుంచి మొదలవుతుంది.

శిక్ష ఒకరికి, లాభం ఇంకొకరికి

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 113 బరువు పరిమితులను నిర్దేశిస్తుంది. సెక్షన్ 114 బండిని తూయించే అధికారం ఇస్తుంది. 2019 సవరణ తర్వాత సెక్షన్ 194 ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, దాని మీద ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున జరిమానా. అదనపు సరుకు దింపేదాకా బండి కదలకూడదు, దింపే ఖర్చు కూడా వాళ్లదే. తూచడానికి ఆపకుండా పోతే 40,000 రూపాయలు. సవరణకు ముందు ఇవి 2,000, 1,000 రూపాయలుగా ఉండేవి.

పెంపు పెద్దదే. కానీ లెక్క వేసి చూడండి. టన్నుకు వెయ్యి రూపాయల కిరాయి అనుకుంటే, నాలుగు టన్నులు అదనంగా వేస్తే ట్రిప్పుకు నాలుగు వేలు వస్తుంది. దొరికితే జరిమానా 28,000. అంటే ఏడు ట్రిప్పుల్లో ఒకసారి కన్నా తక్కువ దొరికేట్టయితే ఓవర్‌లోడ్ లాభసాటే. శిక్ష ఎంత పెద్దది అన్నదానికన్నా, శిక్ష ఎంత తప్పనిసరి అన్నదే నేరాన్ని ఆపుతుందని మనం ఎథిక్స్ పేపర్‌లో చదువుకునే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

సుప్రీంకోర్టు 2005లో పరమ్‌జిత్ భాసిన్ కేసులో ఒక ముఖ్యమైన మాట చెప్పింది. జరిమానా కట్టించుకుని అదే ఓవర్‌లోడ్‌తో బండిని పంపేయడం చట్టం ఉద్దేశం కాదనీ, అదనపు బరువు దించాల్సిందేననీ స్పష్టం చేసింది. అమలులో చిక్కు ఇక్కడే వస్తుంది. రాత్రి రెండు గంటలకు హైవే పక్కన ఆపిన బండి నుంచి నాలుగు టన్నుల సరుకు ఎక్కడ దించాలి? హమాలీలు ఎవరు? దించిన సరుకుకు కాపలా ఎవరు? గోదాము లేనిచోట అధికారికి జరిమానా రాసి పంపడమే సులువు. లంచానికి దారి కూడా అక్కడే తెరుచుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. డ్రైవర్ వేరు, యజమాని వేరు అయినప్పుడు యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని సెక్షన్ 113 చెబుతుంది. సెక్షన్ 194లో బండిని నడిపినవాడితోపాటు నడిపించినవాడు, నడపనిచ్చినవాడు అన్న మాటలూ ఉన్నాయి. సరుకు పంపినవాడి గురించి మాత్రం ఇంత సూటిగా లేదు.

మన దేశంలోనే రైల్వే చట్టం ఇందుకు భిన్నంగా ఆలోచించింది. రైల్వే చట్టం, 1989లోని సెక్షన్ 73 ప్రకారం వ్యాగన్‌లో పరిమితికి మించి సరుకు నింపితే అపరాధ రుసుమును సరుకు పంపినవాడి నుంచో, అందుకునేవాడి నుంచో వసూలు చేస్తారు. లోకో పైలట్‌ను ఎవరూ అడగరు. ఓడరేవుల్లోనూ అంతే. 2016 జులై 1 నుంచి అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఎగుమతి కంటైనర్ తూచిన బరువును పంపేవాడే ధ్రువీకరించి ఇవ్వాలి, లేకపోతే ఓడ ఎక్కదు. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాలకు వర్తించే భారీ వాహనాల చట్టం సరుకు పంపేవాడు, ప్యాక్ చేసేవాడు, లోడు ఎత్తేవాడు, ట్రిప్పు షెడ్యూల్ చేసేవాడు అందరినీ ఒకే బాధ్యతా గొలుసులో చేర్చింది. పట్టాల మీద, సముద్రం మీద మనం ఒప్పుకున్న సూత్రాన్ని రోడ్డు మీద మాత్రం ఎందుకు ఒప్పుకోకూడదు?

ఫెడరల్ కోణం

యాంత్రిక వాహనాల నియంత్రణ ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23వ అంశం. మిగతా రోడ్లు, వంతెనలు రాష్ట్ర జాబితాలో 13వ అంశం. ఇరుసు బరువు పెంచే నోటిఫికేషన్ ఢిల్లీలో వస్తుంది. జాతీయ రహదారి ఆ బరువును తట్టుకోవచ్చు. కానీ ఏ లారీ ప్రయాణమూ జాతీయ రహదారి మీదే మొదలై అక్కడే ముగియదు. క్వారీ నుంచి, మిల్లు నుంచి, రేవు నుంచి బయల్దేరి మొదటి పది కిలోమీటర్లు జిల్లా రోడ్డు మీదో పంచాయతీ రోడ్డు మీదో వెళ్తుంది. ఆ రోడ్డు, దాని మీది పాత కల్వర్టు 11.5 టన్నుల ఇరుసును ఊహించి కట్టినవి కాకపోవచ్చు. నిర్ణయం ఒక ప్రభుత్వానిది, మరమ్మతు బిల్లు ఇంకో ప్రభుత్వానిది. సహకార ఫెడరలిజం మీద రాసే జవాబుల్లో ఈ ఉదాహరణ వాడుకోవచ్చు.

అభ్యంతరాలు

లాజిస్టిక్స్ ఖర్చు తగ్గాలంటే పెద్ద లోడ్లు కావాలి కదా అన్నది మొదటి అభ్యంతరం. నిజమే. 2022 జాతీయ లాజిస్టిక్స్ విధానం లక్ష్యం కూడా ఖర్చు తగ్గించడమే. కానీ దానికి మార్గం ఎక్కువ ఇరుసులున్న బండ్లు. ఉన్న ఇరుసు మీద భారం పెంచితే ఖర్చు తగ్గదు, రవాణా బిల్లులోంచి రోడ్ల శాఖ బడ్జెట్‌లోకి మారుతుంది, అంతే. రెండో అభ్యంతరం, కఠినంగా అమలు చేస్తే చిన్న లారీ యజమానులు నష్టపోతారని. ఒక్కడి మీదే అమలు చేస్తే నష్టపోతాడు. అందరి మీదా ఒకేలా అమలైతే కిరాయి రేటు సర్దుకుంటుంది, మొదట లాభపడేది వాళ్లే. మూడోది, కాటా లేని చిన్న రైతు, చిన్న వ్యాపారి సంగతి ఏమిటని. ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది. అందుకే బాధ్యత నిబంధనను పెద్ద పంపకందారుల నుంచి మొదలుపెట్టాలి.

ఏం చేయవచ్చు?

1. గని, క్వారీ, క్రషర్, సిమెంటు ఫ్యాక్టరీ, ఉక్కు కర్మాగారం, రేవు లాంటి చోట్ల గేటు దాటే ముందే ఇరుసుల వారీగా తూచి, ఆ చీటీ లేకుండా బండి బయటికి రాకూడదన్న నిబంధన పెట్టాలి. వీళ్లలో చాలామంది బిల్లు వేసేది టన్నుల్లోనే. కాబట్టి బరువు తెలియదన్న సాకు చెల్లదు.

2. సెక్షన్ 113, 194లలో సరుకు పంపినవాడు, లోడు ఎత్తినవాడు అన్న మాటలను స్పష్టంగా చేర్చి, రైల్వే చట్టంలా జరిమానాలో ప్రధాన భాగం వాళ్ల నుంచి రాబట్టాలి.

3. ఇ-వే బిల్లులో బండి నంబరు ఎలాగూ ఉంటుంది. వాహన్ డేటాబేస్‌లో ఆ బండి మొత్తం బరువు, ఖాళీ బరువు ఉంటాయి. ఇ-వే బిల్లులో సరుకు బరువును తప్పనిసరి చేసి ఈ రెండింటినీ కలిపితే, పరిమితి దాటే లోడుకు బిల్లే పుట్టదు.

4. రోడ్డు మీద తనిఖీ పూర్తిగా పోకూడదు. టోల్ ప్లాజాల దగ్గర నడుస్తున్న బండినే తూచే యంత్రాల అంకెలు నేరుగా చలానాగా మారాలి. పెద్ద చెక్‌పోస్టుల పక్కన అదనపు సరుకు దించే యార్డు, కాపలా ఉండాలి. అవి ఉంటేనే సుప్రీంకోర్టు చెప్పిన మాట అమలవుతుంది.

ముగింపు

రోడ్డు మీద పట్టుకునే పద్ధతిలో వేల చోట్ల, లక్షల బండ్లను ఆపాలి. ప్రతి చోటా ఒక అధికారి విచక్షణ, ఒక డ్రైవర్ నిస్సహాయత ఎదురుపడతాయి. లోడు ఎత్తే చోట తూచే పద్ధతిలో నిఘా పెట్టాల్సిన గేట్లు లెక్కపెట్టగలిగినన్నే. రేపు మనలో ఎవరైనా సబ్ కలెక్టర్‌గానో, ఆర్టీవోగానో, ఆర్ అండ్ బీ శాఖ కార్యదర్శిగానో కూర్చుంటే, గుంతలు పడిన రోడ్డు ఫైలు టేబుల్ మీదికి వస్తుంది. ఆ ఫైలులో ఎస్టిమేటుతోపాటు ఆ రోడ్డు చివర ఏ క్వారీ ఉంది, దాని గేటు దగ్గర కాటా ఉందా అన్న ప్రశ్న కూడా రాయించగలిగితే, మళ్లీ మూడేళ్లకు అదే ఫైలు వెనక్కి రాకుండా ఉంటుంది.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): “సరుకు వాహనాల ఓవర్‌లోడ్ ప్రధానంగా అమలు వైఫల్యం కాదు, బాధ్యతను తప్పు చోట ఉంచడం వల్ల వచ్చిన సమస్య.” మోటారు వాహనాల చట్టం, రైల్వే చట్టాల నేపథ్యంలో విమర్శనాత్మకంగా చర్చించండి.